గోడాదరా నుంచి జోల్వాకు, నాలుగు గంటల కోసం

ఆరోగ్యంగా ఉన్న మనిషికి మేముండే గోడాదరా నుంచి మగ్గాల కార్ఖానాలున్న జోల్వా వెళ్లడం ప్రయాణం కిందికే రాదు. నాకు మాత్రం దాని తయారీ రెండు రోజుల ముందే మొదలవుతుంది. నిరుడు వచ్చిన జ్వరం తగ్గింది గానీ దాని వెంట వచ్చిన అలసట పోలేదు. పడుకున్నా తీరదు. ఒకరోజు ఎక్కువ తిరిగితే మర్నాడు మంచం దిగనివ్వదు. మూడు ఆస్పత్రులు తిరిగాక ఒక డాక్టరమ్మ దానికి క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని పేరు చెప్పింది. నాది తేలికపాటిదట. ఇరవై మూడేళ్లకే మగ్గం వదిలేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి అడగండి, ఎంత తేలికో! అందుకే, నాకు పని నేర్పిన మేనమామ జోల్వా నుంచి ఫోన్ చేసి "ఒక్కపారి కార్ఖానకు వచ్చిపోరా, సేటుతోని మాట్లాడిన" అన్నప్పుడు, మళ్లీ పని చేయగలనో లేదో తేల్చుకోవాలని మొన్న బుధవారం బయల్దేరాను.

షిఫ్టు ఏడింటికి మారుతుంది కనుక ఎనిమిదిన్నర దాకా ఆటోల్లో ఊపిరాడదు. నేను పదింటికి ఇల్లు దాటాను. అమ్మ సంచిలో నీళ్లు, రెండు రొట్టెలు పెట్టింది. నేను నా కరపత్రాలు పెట్టుకున్నాను, 'ఎనిమిది గంటల పని మన హక్కు' అని నేనే రాసి జిరాక్స్ తీయించినవి. పర్వత్ పాటియా నడిచిపోయే దూరమే అయినా పది రూపాయలిచ్చి ఆటో ఎక్కాను. అక్కడ కడోదరా వెళ్లే షేర్ ఆటోలో వెనక మూల సీటు పట్టుకుంటే, డ్రైవర్ తిరిగి చూసి, "జవాన్ ఆద్మీ హో, ఆగే బైఠో" అన్నాడు. కుర్రాణ్ణి కదా, ముందు కూర్చోమని. ముందు అంటే అతని పక్కన అర చెక్క మీద, ఒక కాలు గాల్లో. రోగం మొహం మీద రాసి ఉంటుందా అని హిందీలో అరిచాను. అక్కడితో ఆగానా? ప్రయాణికుల హక్కుల మీద సరోలీ దాటేదాకా ఉపన్యాసం. చివరికి అతను, "అచ్ఛా నేతాజీ, సో జావో" అన్నాడు, సరే నాయకా, ఇక పడుకో అని. ఆటో అంతా నవ్వింది. సీటైతే దక్కింది గానీ, కడోదరా చౌరస్తాలో దిగేసరికి ఉన్న ఓపికంతా అయిపోయింది. కోపానికి కూడా ఒంట్లో బలమే ఖర్చవుతుందని నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. చాయ్ బండి పక్క బెంచీ మీద అరగంట కళ్లు మూసుకుని, ఇంకో ఆటోకు ఇరవై ఇచ్చి, పన్నెండుకు జోల్వా చేరాను.

మామ తన మగ్గాలు పక్కవాడికి అప్పజెప్పి వచ్చి గేటు దగ్గరే ఉన్నాడు. "ఏందిరా గిట్ల వాడిపోయినవ్? నడిచొచ్చినవా?"

"లేదు మామా, ఆటోల లొల్లి పెట్టుకున్న."

"ఒళ్లంత ఫటీగంటవ్, నీ నోటికి మాత్రం రాలే!"

మగ్గాలు నడుస్తున్నంతసేపు కార్ఖానాలో ఎవరూ కూర్చోరు. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. దారం తెగితే మగ్గం ఆగుతుంది, పరుగున పోయి ముడి వేయాలి, కూర్చున్నవాడు పనిదొంగ. జ్వరం తర్వాత నేను ఒకసారి కూర్చుంటే ఇదే మామ నలుగురిలో నన్ను "కామ్‌చోర్" అన్నాడు. ఆ రోజే పని మానేశాను, ఆరు నెలలు అతనితో మాట్లాడలేదు. ఇప్పుడు మామ ఒక ఖాళీ బీమును, అంటే దారం చుట్టే పెద్ద ఇనుప రోలర్‌ను, కాలితో గోడ పక్కకు దొర్లించి ముందు తనే కూర్చున్నాడు. కళ్లు మాత్రం తన మగ్గాల మీదే. అటూ ఇటూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. "కూసో" అని పక్కన తట్టాడు. కూర్చున్నాను. పాత మాట ఇద్దరం ఎత్తలేదు.

ఆ చప్పుడులో నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "ఒక్క షిఫ్టు ఇద్దరం పంచుకుందాంరా. ఆరు గంటలు నాకు, ఆరు నీకు. ఎవలు నిలవడ్డా సేటుకు ఒక్కటే. కానీ మగ్గం ఆగితే ఇద్దర్ని ఎల్లగొడ్త అన్నడు."

"నా మీద జాలి పడుతున్నవా?" నా గొంతు లేచింది.

"జాలి ఎవనికి గావాలెరా? గీ మోకాళ్లు జూడు" అని ప్యాంటు పైకి లాగాడు. రెండూ వాచి ఉన్నాయి.

సరే అన్న మాట నోటిదాకా వచ్చింది. అనేసి ఉంటే వారంలో మంచం పట్టి మామ పని కూడా పోగొట్టేవాణ్ణి. పన్నెండు గంటలు అన్యాయమని వీధివీధినా అరిచే నేను, నా ఒంటితో ఎన్ని గంటలవుతాయో ఎవరికీ చెప్పి ఎరగను. "ఆరు గాదు మామా" అన్నాను తల వంచుకుని. "నాతోని నాలుగే అయితయి."

మామ లేచి, తెగిన దారమొకటి ముడేసి వచ్చాడు. తర్వాత నా సంచిలోంచి ఒక కరపత్రం లాగి, వేలు పెట్టి మెల్లగా చదివాడు. "ఎనిమిది గంటలని నువ్వే రాసినవ్ గద. గా ఎనిమిది నాకు, నాలుగు నీకు. నీ కాయితం ఇన్నొద్దులకు పనికొచ్చిందిరా! ఉండుడు మా రూంల్నే. రోజు ఆటోల లొల్లి బంద్."

నా కరపత్రాలు ఇప్పటిదాకా ఎవరి షిఫ్టునూ గంట కూడా తగ్గించలేదు. మామకు పన్నెండు ఎనిమిది అయింది, అదీ నేను నా చేతకానితనం ఒప్పుకున్న రోజున. ఆ పన్నెండు గంటల మీద నా కోపం ఏమీ చల్లారలేదు, కాకపోతే ఇకమీదట దాన్ని పొదుపుగా వాడాలి. ఇలాంటి అలసటతో ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తిరిగొచ్చాక రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకండి. బుధవారం వెళ్లొచ్చిన నేను గురు, శుక్రవారాలు మంచం మీదే ఉండి, ఇది శనివారం రాస్తున్నాను. సోమవారం నుంచి నా షిఫ్టు. నాలుగు గంటలు.