ఆరినంకే పొయ్యిలోకి

నాలుగు రోజుల కిందట గాంధీపురంలో మనవరాలి వెంట పాత్రల అంగడికి వెళ్ళాను. కొత్త కాపురానికి దోసె పెనం కావాలట, అదీ సిరామిక్ పూత ఉన్నదే కావాలట. అంగట్లో అమ్మాయి మహా చలాకీది. చిన్న స్టవ్ మీద పెనం పెట్టి, చుక్క నూనె లేకుండా గుడ్డు కొట్టి, అది అటూ ఇటూ జారుతుంటే మా మొహాలు చూసి, "ఈ కోటింగ్ జన్మకు పోదు పాటీ" అంది తమిళంలో, నన్ను అవ్వా అని పిలుస్తూ. నేను నోరు మూసుకుని ఉండొచ్చు. ఉండలేదు. కాగిన పెనంలో చన్నీళ్ళు పొయ్యమన్నాను. నిమ్మచెక్క రుద్ది పావుగంట ఉంచి, ఆ చోట పెన్సిలుతో గీసి, తడిగుడ్డతో తుడిస్తే గీత పోతుందో లేదో చూపించమన్నాను. ఆ పిల్ల బిక్కమొహం వేసింది. చివరికి "ఇది తయారై ఎన్ని రోజులయింది కన్నా?" అని కూడా అడిగేసరికి మనవరాలు నా చెయ్యి గిల్లి, "అవ్వా, ఇది నీ షెడ్డు కాదు, రా" అని బయటికి లాక్కొచ్చింది. పెనం మాత్రం కొన్నది. ఆటోలో వస్తున్నంతసేపూ ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, చెవి దాని మీదే వేసి కూర్చున్నాను. ఎందుకో చెప్తాను.

నాకు తెలిసిన పూత ఎనామిల్. ఆ మాట వింటే ఇప్పటివాళ్ళు తలుపులకు వేసే రంగు అనుకుంటారు. కాదు, అది అచ్చంగా గాజు. గాజు పలుకుల్ని బంకమట్టితో, నీళ్ళతో కలిపి తిరిగే పీపాలో గంటల తరబడి రుబ్బితే దోసెపిండిలా చిక్కగా వస్తుంది. శుభ్రంగా కడిగిన ఇనుపరేకు సామాను మీద దాన్ని పోసి, తడి పూర్తిగా పోయాక, ఎర్రగా కాగిన పొయ్యిలో నాలుగైదు నిమిషాలు ఉంచితే గాజు కరిగి ఇనుమును కరుచుకుంటుంది. మొదట నీలం పూత, దాని మీద తెల్ల పూత. పాత ఆసుపత్రి ట్రేలు, నీలం అంచు తెల్ల కంచాలు, వీధి పేర్ల పలకలు, అన్నీ అలా పుట్టినవే. మా చిన్నాయన, అంటే నాయనకు తమ్ముడు, కోయంబత్తూరులో పంపులు పోతపోసే ఫౌండ్రీల మధ్య ఒక రేకుల షెడ్డులో ఈ పని చేసేవారు. "గాజు ఎంత నొక్కినా ఓర్చుకుంటాది అమ్మణి, లాగితే మాత్రం ఓర్చదు" అనేవారు నాతో. చల్లబడేటప్పుడు ఇనుము గాజు కన్నా వెంట్రుకవాసి ఎక్కువ ముడుచుకోవాలి. అప్పుడు గాజు నొక్కుడులో ఉండి గట్టిగా నిలబడుతుంది. లెక్క తప్పి లాగుడు పడిందా, పగుళ్ళే. మా నాయన అది విని, "నీ చిన్నకొడుకు బుద్ధే ఆ గాజుకీ వచ్చె" అని మా అవ్వతో అనేవారు.

ఇక్కడ మా ఇంటి తెలుగు గురించి కాస్త చెప్పాలి. మా వాళ్ళు ఈ దేశానికి వచ్చి ఎన్ని తరాలయిందో లెక్క తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను, అందుకే రాస్తే ఇలా పుస్తకంలా రాస్తాను, నోరు తెరిస్తే మాత్రం మా అవ్వే మాట్లాడుతుంది. తమిళం మా మాటల్లో ఎక్కడెక్కడ దూరిందో మాకే తెలియదు. ఒకసారి ఆంధ్రా నుంచి చుట్టం ఒకాయన వస్తే, అవ్వ కాఫీ ఇచ్చి, "ఆరిపోతాది, సీక్రం తాగండి" అన్నదట. ఆయన గ్లాసులోకి తొంగి చూసి, "ఎక్కడికి పోతుందమ్మా, నిండుగానే ఉందిగా" అన్నాడట. తమిళంలో ఆరడమంటే చల్లారడం. మా ఇంట్లోనూ అంతే, కాఫీ ఆరుతుంది, అన్నం ఆరుతుంది. బట్టలు మాత్రం ఎండుతాయి. ఈ ముచ్చట చెప్పుకుని మేము ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం. ఆ నవ్వు నా మీదికే తిరుగుతుందని ఎవరనుకున్నారు!

పొయ్యి లోపలి ఎర్రటి వెలుగు ముప్పై ఏళ్ళు చూసి చూసి చిన్నాయన రెండు కళ్ళలోనూ శుక్లాలు కమ్మాయి. ఆయనకు పిల్లలు లేరు. పక్క ఫౌండ్రీ యజమాని షెడ్డు తనకు ఇమ్మని నాయన చెవిలో జోరీగలా మోగుతున్నాడు. నాయనా ఒప్పుకునేలాగే ఉన్నారు. నేను అప్పటికి నాలుగేళ్ళుగా షెడ్డులో పిండి రుబ్బించడం, పూత పొయ్యడం చూస్తున్నాను. వేడిగదీ పొయ్యీ మాత్రం చిన్నాయనే చూసుకునేవారు. ఆ పొయ్యి నాకు కావాలి. అంత ఆశ నాకు చీర మీదా లేదు, నగ మీదా లేదు. "పొయ్యి కాడ ఆడపిల్ల ఏందిరా?" అన్నారు నాయన. "మన ఇంట్లో పొయ్యి కాడ ఉండేది ఎవరు అన్నా? నువ్వా?" అన్నారు చిన్నాయన. ఆ మాటకు నాయన కూడా నవ్వారు గానీ ఒక మెలిక పెట్టారు. ఒట్టన్‌చత్రంలో ఊరగాయలు పెట్టి అంగళ్ళకు అమ్మే మా అత్త, నాయనకు చెల్లెలి వరస, ఎనిమిది పెద్ద ఎనామిల్ తొట్లు కావాలని చెప్పి ఉంది. నిమ్మకాయ పులుపూ ఉప్పూ కలిసి ఆమె అల్యూమినియం గంగాళాల్ని చిల్లులు పడేలా తినేశాయి. ఆ ఎనిమిదీ నేను ఒక్కదాన్నే చెయ్యాలి. బాగా వస్తే పొయ్యి నాది, రాకపోతే షెడ్డు ఫౌండ్రీ వాళ్ళది.

చిన్నాయన కంటి ఆపరేషన్‌కు మదురై వెళ్ళిన రోజు సింగానల్లూరు బస్ స్టాండుకు నేనే తీసుకెళ్ళాను. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మణి, పూత బాగా ఆరినంకే పొయ్యిలోకి. ఆరకుండా పెట్టబాకు!" అని అరిచారు. "సరింగ చిన్నాయనా!" అని నేనూ అరిచాను. ఆయన చెప్పింది నేను విన్నాను, నేను విన్నది ఆయన చూశారు. ఇక భయమేముంది?

అది ఆడి మాసం, తమిళుల ఆషాఢం. పాలక్కాడు కనుమలోంచి తేమగాలి, పగలంతా సన్నటి తుంపర. పూత పోసిన తొట్లను పొయ్యి పక్కన ఉండే చిన్న వేడిగదిలో పెట్టడం మా పద్ధతి. అవి లోపల వెచ్చబడ్డాయి. ఆరాలి కదా మరి! ఒక్కొక్కటే బయటికి తెచ్చి వరండాలో గాలికి పెట్టాను. చెయ్యి ఆనించి, చల్లగా ఉందని తేలాకే పొయ్యికి పంపాను. పొయ్యి దగ్గర పనిచేసే తమిళ పెద్దాయన రెండుసార్లు వేలితో అంచు తడిమి, "ఇన్నుం కాయలే అమ్మణి" అన్నాడు, ఇంకా ఎండలేదని. "చిన్నాయన చెప్పినట్టే చేస్తున్నా" అని ఆయన నోరు మూయించాను. నీలం పూతకూ అంతే, తెల్ల పూతకూ అంతే. ఎనిమిది తొట్లూ పాలు పోసినట్టు తెల్లగా, మొహం కనపడేంత నునుపుగా బయటికొచ్చాయి. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదంటే నమ్మండి.

ఒక కంటికి కట్టుతో చిన్నాయన తిరిగొచ్చారు. ఒక్కో తొట్టి లోపల అరచేత్తో నిమిరారు. నిమ్మచెక్క రుద్ది పెన్సిలు గీశారు, గీత తుడిస్తే పోయింది. ఒక తొట్టిని కాచి చన్నీళ్ళు పోశారు, చెక్కుచెదరలేదు. నాయనను పిలిచి, "చూడన్నా, అమ్మణి చేతిలో పొయ్యి నిలిచె" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అయితే ఆయనకు ఒక నియమం ఉండేది, చేసిన సామాను వారం రోజులు బల్ల మీద ఉంచకుండా గడప దాటించరు. "ఇంకా నాలుగు దినాలు ఉండాది" అన్నారు. నేనేమో అప్పటికే అత్తకు ఫోను చేసి, రేపు వ్యాను తెచ్చుకోమని చెప్పేశాను. నాలుగు నిమిషాల్లో అయిపోయే పనికి వారం కాపలా ఏమిటని నా వాదన. "నిమ్మకాయలు కుళ్ళిపోతాయి చిన్నాయనా" అన్నాను. కంటికట్టు సవరించుకుంటూ ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున వ్యాను వచ్చేలోపు తొట్లు తుడుస్తున్నాను. "టిక్" అని చిన్న చప్పుడయింది. బల్లి అనుకున్నాను. మళ్ళీ టిక్. మూడో తొట్టి లోపల, అడుగు దగ్గర, గోరు కత్తిరించి పారేసినంత అర్ధచంద్రాకారపు పెచ్చు ఎగిరి పడి ఉంది. అది ఉన్నచోట ఇనుము నల్లగా కనిపిస్తోంది. దీని గురించి వినడమే గానీ చూడలేదు. సెదిల్ అనేవాళ్ళు మా షెడ్డులో, చేప పొలుసు. తడితో పొయ్యిలోకి వెళితే ఆ వేడికి నీళ్ళు విడిపోయి పుట్టిన వాయువును ఇనుము మింగేస్తుంది. చల్లబడ్డాక అది బయటికి రావాలని చూస్తుంది, పైన గాజు దారివ్వదు. రోజులు గడిచాక ఎప్పుడో పొలుసులా గాజును లేపి బయటపడుతుంది. ఐదో తొట్టిలోనూ టిక్‌మంది. అబద్ధమెందుకు, ఒక ఆలోచన వచ్చింది. రెండు పెచ్చులూ తుడిచేసి, ఆ రెండు తొట్లూ పక్కన పెట్టి, మిగతావి పంపేస్తే? వీధి మలుపులో వ్యాను హారను వినిపించింది. అత్త ఊరగాయ తినే పిల్లల పళ్ళ కింద గాజుపెంకు కనిపించింది నాకు. పెచ్చును అరచేతిలో పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. అప్పుడే దిగుతున్న అత్త ముందూ, చిన్నాయన ముందూ చెయ్యి చాపి, "ఇవి పనికిరావు. సెదిల్ వచ్చింది" అన్నాను. ఆపైన ఏడుపు ఆగలేదు.

చిన్నాయన కోప్పడలేదు. దానికన్నా కోప్పడితే బాగుండేది. "ఏం జేస్తివో మొదట్నించి చెప్పు" అన్నారు.

"మీరు చెప్పినట్టే చేస్తిని. ఆరినంకే పొయ్యిలో పెడితిని."

"ఎట్లా ఆరె?"

"వేడిగదిలోంచి తీసి వరండాలో పెడితిని. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉండె. అప్పుడే పెడితిని."

"ఆరేదానికి చల్లగా ఏందే?" అన్నారు ఆయన అయోమయంగా. అప్పుడు అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు. "అన్నా, కాఫీ ఆరినట్టు ఆరబెట్టింది నీ అమ్మణి!"

చిన్నాయనకు ఈ పని నేర్పిన మేస్త్రి ఆంధ్రా నుంచి వచ్చినవాడు. ఆయన తెలుగులో ఆరడమంటే తడి పోవడం. ఇంట్లో మా తెలుగు మాట్లాడినా, పూత మాటెత్తితే చిన్నాయన నోట ఆ మేస్త్రి తెలుగే వచ్చేదని నాకెలా తెలుస్తుంది? నేను సగం ఎండిన పూతను వేడిగదిలోంచి లాగి, ఆడి గాలిలో మళ్ళీ తేమ పట్టించి కాల్చాను. పొయ్యి పెద్దాయన వెనకనుంచి, "నేనప్పుడే చెప్తి, కాయలేదని" అన్నట్టు తమిళంలో గొణిగాడు. చిన్నాయన ఆ మాట పట్టుకున్నారు. "మాట తప్పు నాది. ఆయన చెప్తే వినంది నీది. వారం ఆగనివ్వంది కూడా నీదే" అన్నారు. నా అరచేతిలోంచి పెచ్చు తీసుకుని, "ఆ పెచ్చు దాచిపెట్టుంటివంటే, ఇయ్యాలే తాళం ఫౌండ్రీ వాళ్ళకు ఇచ్చుందును" అన్నారు. అంటే ఇవ్వడం లేదన్నమాట. ఏడుపు మధ్యలోనే నాకు ఆ లెక్క అందింది. అత్త వ్యాను ఎక్కుతూ, "నిమ్మకాయలకు ఏం తొందరే? నా పాత జాడీలు ఉండాయి, ఉప్పులో ఊరతా ఉంటాయి. నువ్వు మెల్లగా చెయ్యి" అంది. ఆమెకు నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

ఇసుక కొట్టించి ఎనిమిది తొట్ల పూతా ఊడగొట్టాను. వేడిగది తలుపు మీద సుద్దతో "ఎండాల" అని రాశాను, అప్పటికి నాకు వచ్చిన తమిళ అక్షరాల్లోనే తెలుగు మాట. పెద్దాయన అంచు తడిమి "కాంజిపోచ్చు", ఎండిపోయింది, అన్నాకే పొయ్యి తలుపు తెరిచాను. తర్వాత వారం రోజులు ఆ తొట్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఫౌండ్రీలో సుత్తి దెబ్బ పడితే ఉలిక్కిపడ్డాను. బల్లుల్ని తరిమాను. ఏడో రోజు పొద్దున చిన్నాయనను పిలవడానికి ఇంటికి పరిగెత్తాను. ఆయన తిన్నె మీద అవ్వ ఇచ్చిన కాఫీతో కూర్చుని ఉన్నారు. "రండి చిన్నాయనా, మీరు చూస్తే వ్యానుకు చెప్పొచ్చు" అన్నాను. ఆయన కదల్లేదు. కట్టు విప్పిన కంటితో నన్ను చూసి, గ్లాసు ఎత్తుకున్నారు.

"నా కాఫీ ఆరిపోతాది. నువ్వే చూసి పంపు."

ముప్పై ఏళ్ళు ఆ పొయ్యి నా చేతిలో నడిచింది. చిన్నాయన పోయి చాలా కాలమయింది. షెడ్డు కూడా ఇప్పుడు లేదు. పూత ఊడగొట్టే ముందు పొలుసులు లెక్కపెట్టుకుందామని ఏరి పెట్టిన పెచ్చులు మాత్రం ఒక డబ్బాలో నా దగ్గర మిగిలాయి. మనవరాలి పెనం వారం నా దగ్గర ఉంచితేనే తీసుకెళ్ళనిస్తానన్నాను. అది నెత్తి కొట్టుకుని ఒప్పుకుంది. ఇవాళ ఐదో రోజు, వంటింటి అలమరలో ఇంతవరకూ చప్పుడు లేదు. అప్పుడు నా ముందు కావలసినంత కాలం ఉండి కూడా నాలుగు రోజులు ఆగలేకపోయాను. ఇప్పుడు మిగిలింది కొంచెమే, అయినా ఇంకో రెండు రోజులు చెవి పెట్టుకుని కూర్చోవడానికి నాకేం తొందర లేదు.