ఒకే ఇంజనుకు రెండు మార్కులు

గుండీల మాస్టారని పేరుపడ్డ ఆ దర్జీకి కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగింది గానీ, పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ కాదని చెప్పి ఎరగరు. ఆ మెతకదనమే ఆయన స్పోర్ట్స్ కారుకి ప్రాణం మీదికి తెచ్చింది.

ఎర్రటి పాత కారు, రెండే సీట్లు, పైన టాపు లేదు. కుట్టు గది వెనక షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా ఉంది. ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బురేటర్లు రెండూ తుప్పు పట్టిపోయాయి. భార్యని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి ఊరు చుట్టి రావాలని మాస్టారి కోరిక. ఆవిడేమో జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి.

"నేను నడిచే బండెక్కుతా గానీ నిలబడే బండెక్కను. ఈ ఆదివారం ఇది రోడ్డెక్కకపోతే తుక్కు కింద అమ్మేస్తున్నా. షెడ్డులో నా పూలకుండీలు పెట్టుకుంటా," అని తేల్చేసింది.

మాస్టారు వెంటనే డబ్బులు లెక్కపెట్టుకున్నారు. కార్బురేటర్లు కొనాలి, సరే. ఏవి?

"సింహం మార్కు వెయ్యి బావా! తొక్కితే ఎగిరిపోవాలి. వేరేది ముట్టుకున్నావో, నీకూ నాకూ మాటల్లేవు," అన్నాడు బావమరిది.

"సింహం పెట్రోలు తాగేస్తుంది బావగారూ. నక్షత్రం మార్కు బిగించండి. మా మాటకి ఆ మాత్రం విలువ ఇవ్వరా?" అన్నారు వియ్యంకులవారు.

భార్య తమ్ముణ్ణి కాదంటే ఇంట్లో కాఫీ పుట్టదు. కూతురి మామగారిని కాదంటే కూతురితో మాట పడాలి. మాస్టారు ఇద్దరికీ "అలాగే" అనేశారు. అని, ముందు సింహాన్నీ వెనక నక్షత్రాన్నీ బిగించేశారు! లోకంలో ఏ మెకానిక్కూ చెయ్యని పని.

ఆదివారం మాస్టారు కొత్త సూటేసుకుని తాళం తిప్పారు. సగం ఇంజను గర్జించింది, సగం దగ్గింది. కారు కప్పలా గెంతుతూ వీధిలో పడింది. గెంతు గెంతుకీ ఆవిడ సీట్లోంచి లేచిపడుతోంది. మాస్టారు భయపడి ఆవిడ వంక చూడనే లేదు. చూస్తే తెలిసేది, ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోందని.

వీధి చివర మిట్ట ఎక్కాక, పైన టపీమని ఆగిపోయింది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

"అయిపోయిందే. అమ్మెయ్యి," అన్నారు.

"ముందు దిగి తొయ్యండి," అంటూ ఆవిడ స్టీరింగు ముందుకి జరిగింది.

తోశారు. కారు పల్లంలోకి దొర్లింది. ఆవిడ రెండో గేరు వేసి క్లచ్చి వదిలింది. అంతే, సింహమూ నక్షత్రమూ ఒక్కసారిగా అందుకున్నాయి! కారు రివ్వున పోయింది. కింద మలుపు తిరిగి, హారను కొట్టుకుంటూ మళ్లీ పైకొచ్చింది.

"ఆపితే ఇంజను మళ్లీ ఆగిపోతుంది! ఎగిరి కూర్చోండి!"

మాస్టారు సూటుతో సహా తలుపు మీంచి లోపలికి దూకారు. ప్యాంటు వెనక కుట్టు పర్రుమంది. ఆనందంతో ఆయనకి ఒళ్లు తెలియడం లేదు.

"వచ్చే ఆదివారానికి రెండూ ఒకే మార్కు వేయిస్తానే. ఏది వెయ్యమంటావ్?"

"దాని మీద చెయ్యి వేశారంటే చూడండి," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "నేనింతగా నవ్వి ఎన్నేళ్లయిందో!"