అమ్మ పోలిక

లింగాల ఘనపూర్ బడిలో కుట్లు నేర్పే విమల ఎవరితో మాట్లాడినా కొంగు అంచు గడ్డానికి ఆనించుకునే మాట్లాడుతుంది. నవ్వొస్తే ముఖం పక్కకు తిప్పుకుంటుంది. పొద్దున్నే గడియ పెట్టుకుని, అద్దం ముందు కూర్చుని గడ్డం మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ పీకుతుంది. ఆమెకు నెలసరి ఏడాదికి మూడుసార్లు వస్తే గొప్ప. పెళ్లయిన ఆరేళ్లకు హనుమకొండ డాక్టరమ్మ, "ఇది ఒక్కోసారి తల్లి నుంచి కూతురికి వస్తుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగితే, పక్కనున్న తల్లి కమలాదేవి, "మా వంశంల ఎవ్వరికీ లేదమ్మా, దీని తలరాత" అంది. లోపం విమలదేనని భర్త మరో పెళ్లి చేసుకున్నాడు. విమల కూడా అదే నమ్మి పుట్టింటికి వచ్చేసింది.

1982లో కమలాదేవికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పదో రోజున తల్లి ముఖం కడుగుతుంటే విమల వేళ్లకు గరుగ్గా తగిలింది. గడ్డం నిండా తెల్ల వెంట్రుకలు.

"నీకు గూడ ఉన్నదా అమ్మా?"

"పెండ్లైన తొమ్మిదేండ్లకు పుట్టినవు బిడ్డా నువ్వు. మీ బాపు ఓపిక పట్టిండు. చెప్తె నీ అత్తగారోళ్లు నన్నే తిడ్తరని భయపడ్డ."

"గా ఒక్క మాట ఆనాడు చెప్పివుంటె, ఆయన ఇంకో మూడేండ్లు ఆగుతుండెనేమో!"

కమలాదేవి ఎడమచేత్తో గడ్డం కప్పుకుంది. బయట చుట్టాల మాటలు వినిపించగానే, "జర గివి పీకు బిడ్డా, నవ్వుతరు" అంది.

విమల తల్లి ముఖం తడి లేకుండా తుడిచింది. లేచి తలుపులు బార్లా తెరిచి, చూడవచ్చినవాళ్లను లోపలికి రమ్మంది.