నీవెసక్క లారీ బల్బు పరీక్ష

“కాళ్ళు వెచ్చబెట్టుకోడానికి నీకు వేడినీళ్ళ సంచి దొరకలేదా తమ్ముడూ? చార్జర్‌ని దుప్పట్లో దూర్చుకుని పడుకుంటే దానికి ఊపిరెక్కడ ఆడుతుంది? ఎల్ ఆల్టో చలి నీ ఒక్కడికేనా? నేను కుక్కని కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకుంటాను. నువ్వూ ఒక కుక్కని పెంచుకో. అది కాలిపోదు.”

నా చార్జర్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ నీవెసక్క పెట్టిన చీవాట్లివి. మాడు వాసన వస్తోందట. నాకైతే ఏమీ తెలియలేదు.

మా ఊరు ఎల్ ఆల్టోలో ‘జూలై పదహారు’ అని పేరున్న సంతలో ప్రతి గురువారం, ఆదివారం మా ఇద్దరి దుకాణాలూ పక్కపక్కనే. నావి పాత పుస్తకాలు. ఆమెవి ల్యాప్‌టాప్ చార్జర్లు. అంతకుముందు అదే చోట ఉన్ని టోపీలు అల్లి అమ్మేది. బడులు మూతపడిన ఏడాది కూతురి పాఠాలన్నీ ల్యాప్‌టాప్‌లోకి వెళ్ళాయి, సరిగ్గా అప్పుడే చార్జర్ చచ్చిపోయింది. వంటింటి చాకుతో దాన్ని విప్పి కూర్చుంది. ఆ చార్జర్ బతకలేదు గాని, చార్జర్లంటే ఏమిటో ఆమెకు తెలిసిపోయింది. గురువు లేడు. చెడగొట్టినవే గురువులు అంటుంది.

ఎవరైనా కొనడానికొస్తే ముందు ధర చెప్పదు. “పాతది తెచ్చావా?” అంటుంది. తేకపోతే వెనక్కి పంపేస్తుంది. తెస్తే దాని వీపు మీది సన్నని అక్షరాలు కళ్ళద్దాలు ఎత్తి చదువుతుంది. “వోల్టులు కలవాలి. అక్కడ బేరం లేదు. ఆంపియర్లు ఎక్కువుంటే ఫరవాలేదు, తక్కువుంటే బక్క గాడిద మీద బస్తా వేసినట్టే.” తర్వాత ల్యాప్‌టాప్‌లో దూరే మూతి సరిపోయిందో లేదో చూస్తుంది. ఆఖరున చార్జర్‌ను అరచేతిలో పెట్టి తూస్తుంది. పేలాల పొట్లంలా తేలిగ్గా ఉంటే పక్కన పడేస్తుంది.

అన్నిటికీ మించి లారీ బల్బు. పాత లారీ ముందు దీపాన్ని రెండు తీగలకు కట్టి ఉంచుకుంది. అమ్మే ప్రతి చార్జర్‌తోనూ పది నిమిషాలు దాన్ని వెలిగిస్తుంది. “మీటరు పెడితే అన్నీ మంచివే అంటాయి. నెత్తిన బరువు పెట్టాకే కదా ఎవరెంతో తెలిసేది!”

ఒక గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. పేరు మారిసోల్ చుకిమియా. చంకలో ల్యాప్‌టాప్, చేతిలో చార్జర్.

“అక్కా, నీ మాట నమ్మి పోయిన గురువారం మా అమ్మ కొన్నది ఇది! పొద్దుటి నుంచి చచ్చి కూర్చుంది. మూడు గంటలకి కాలేజీలో నా పరిశోధన చెప్పుకోవాలి. రెండేళ్ళ పని అంతా ఇందులోనే ఉంది. బ్యాటరీ ఎప్పుడో పోయింది. కనీసం వేరేచోటికి ఎక్కించుకోడానికైనా ఇది తెరుచుకోవాలి కదా!”

ఎదురుగా తాళాలమ్మే రెమెహియా అందుకుంది. “ఏం నీవెస్, ఆరు నెలల హామీ వారానికే వడిలిపోయిందా?”

“నువ్వు నీ తాళాల సంగతి చూసుకో, అవి ఏ చెవితో అయినా తెరుచుకుంటాయట!” అంటూనే నీవెసక్క చార్జర్ అందుకుంది. బల్బుకు తగిలించింది. వెలగలేదు. వాసన చూసింది. సూదితో తీగ దూరే కన్నంలో గెలికితే, గుండ్రంగా కత్తిరించిన పసుపు కాగితం ముక్క ఒకటి జిగటజిగటగా బయటికొచ్చింది.

“శుక్రవారం చల్లారా?”

“చల్లం మరి? నెలలో మొదటి శుక్రవారం కదా, ఆనవాయితీ. కొత్త వస్తువు ఇంటికొచ్చిందని అమ్మ రంగు కాగితాలు జల్లి, భూమితల్లికి ఇంత పోసి, దీని మీద ఇంత పోసింది.”

“ఏం పోసింది?”

“బీరు. నువ్వే చెప్పావట, బాగా చల్లండి, పదేళ్ళుంటుంది అని!”

రెమెహియా పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వేవాణ్ణే, అక్క మొహం చూసి ఆగిపోయాను. ఆ మాట ఆమె కొన్న ప్రతివారికీ చెబుతుంది. నేను వందసార్లు విన్నాను. ఎక్కడ చల్లాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

“తప్పు నాదే తల్లీ,” అంది సూది పక్కన పెట్టి. “చుక్కలు నేలకి. దీనికి కాగితాలు చాలు. ఆ ముక్క నోట రాలేదు నాకు. ఆదివారం మీ అమ్మకి వేరేది తెచ్చిస్తాను.”

“ఆదివారమా? మూడింటికి నేనేం చెయ్యను?”

పందొమ్మిదిన్నర వోల్టులు, మూతి మధ్యలో సన్నని సూది. అలాంటిది దుకాణంలో ఇంకొక్కటే ఉంది. దాన్ని వియాచా నుంచి వచ్చే కసియానో కోసం విడిగా చుట్టి పెట్టింది. ఆయన నాలుగింటికి వస్తాడు. రెండు వారాల కిందట ఆయనకిచ్చిన మాట. ఇప్పటిదాకా ఒకరికి మాటిచ్చినదాన్ని ఇంకొకరికి అమ్మగా నేను చూడలేదు.

ఆమె ఆ పొట్లం విప్పి బల్బుకు తగిలించింది. పది నిమిషాలూ ముగ్గురం ఆ వెలుగు చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత చార్జర్ మీద చెయ్యి పెట్టి, “గోరువెచ్చన. మంచిదే,” అంది.

“ఇది అమ్మకం కాదు, ఎరువిస్తున్నాను. ముందు గోడకి పెట్టు, తర్వాత మిషన్‌కి. తీగని దాని నడుముకి బిగించి చుట్టకు, మెడ దగ్గర విరుగుతుంది. ఇదిగో, ఇలా వదులుగా చుట్టు. ఊడదీసేప్పుడు తల పట్టుకుని లాగు, తోక పట్టుకుని కాదు. నీ పని అవగానే తీసుకురా. వెళ్ళు!”

మారిసోల్ ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టి జనంలో కలిసిపోయింది.

“అయిదయినా అవుతుంది అక్కా, ఆ పిల్ల వచ్చేసరికి,” అన్నాను.

“తెలుసు. అందుకే నువ్వు లే. నీ పుస్తకాలు నేను చూసుకుంటాను. వియాచా వ్యాన్లు ఆగేచోటికి వెళ్ళి నిలబడు. కసియానో బాబాయి దిగగానే ఉన్నదున్నట్టు చెప్పు, నీ చార్జర్ ఒక పిల్లకి పరీక్ష కోసం ఇచ్చింది, నీవెస్ తప్పు చేసింది అని. అబద్ధం ఒక్కటి కూడా వద్దు. తిడితే తిట్టనీ. తిట్టడం అయ్యాక వేడివేడిగా ఏదైనా తాగించి, ఆయన గొర్రెల సంగతి అడుగు. వినడం నీకు చేతనవును కదా తమ్ముడూ, అయిదింటి దాకా వినిపెట్టు.”