మా హాలు బండల కింద హారం

సొంత ఇంటిని సొంత గడ్డపారతో తవ్వుకున్న మగాణ్ణి మీరు చూసి ఉండరు. చూడాలనుంటే బేతంచెర్ల రండి, నేనే. నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి, తర్వాత నాకు సిగ్గేస్తుంది.

నేను బండలు పరిచే మేస్త్రీని. కొన్నేళ్ల కిందట సినిమా పిచ్చి పట్టింది. పెళ్లిళ్లకు వీడియోలు తీసే మా బావమరిది శివ కెమెరామన్. హీరోయిన్ నా భార్య నాగవేణి, ఎందుకంటే ఆమె డబ్బు అడగదు. ఒక మొగుడూ పెళ్లాం దొంగ బంగారాన్ని ఇంట్లో బండ కింద దాస్తారు, పోలీసులు వచ్చి ఐదు నిమిషాల్లో బయటికి తీస్తారు. అంతా అర్ధరాత్రి జరిగే కథ. లైట్లకు అద్దె కట్టలేక మిట్టమధ్యాహ్నం కిటికీలకు కంబళ్లు కట్టి, హాల్లో సామానంతా వరండాలో పడేసి, ఒకే ఒక్క టార్చిలైటుతో తీశాం. మే నెల. మా చెమటలు చూసి భయం భలే నటించారన్నాడు శివ.

గిల్టు హారం కెమెరాలో తేలిపోయింది. నాగవేణి హారం అడిగాను.

"మా అమ్మ పెట్టింది. ఏమన్నా అయితే?"

"మన ఇంట్లో, మన బండ కింద. యాడికి పోతాది?"

స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది.

"ఊరికే బండ మూసేయ్ బావా, చాలు," అన్నాడు శివ.

చాలా? ఇరవై ఏళ్లుగా బండలు పరిచిన చేతులండీ ఇవి! డబ్బా చుట్టూ ఇసుక కూరి దిమ్మిసతో కొట్టాను. మట్టం చూసి బండ దించాను. సందుల్లో సిమెంటు నింపి, పైన రాతిపొడి రుద్ది పాతదానిలా చేశాను. "తీసే సీను ఎల్లుండి కదా, అంతదాకా ఆడే ఉండనీ" అని కూడా అన్నాను, మహా తెలివిగా.

మరునాడు పొద్దున్నే బనగానపల్లె నుంచి అత్తగారి ఫోను. నాగవేణి అక్క కూతురికి రేపే నిశ్చితార్థం, హారం వేసుకొని రమ్మని.

గడ్డపార పట్టుకొని హాల్లో నిలబడ్డాను. నలభై బండలు. నలభైకి నలభై ఒకే పోలిక. చీకట్లో, ఖాళీ హాల్లో ఏది మూశానో గుర్తే లేదు.

"యాడుండాది?" అంది నాగవేణి.

"ఈడే... యాడో."

"యాడో అంటే?"

కర్రతో ఒక్కో బండా తట్టాను. కింద గుల్లగా ఉంటే మోగాలి. నా ఇసుక కూరుడు పుణ్యమా అని ఒక్కటీ మోగలేదు. శివను పిలిపించి వీడియో చూస్తే తెర నిండా ఒక బండ, దాని మీద నా చెయ్యి.

"ఇదేందప్పా శివా, అంతా దగ్గర నుంచే తీసినావు?"

"దూరం నుంచి తీస్తే కంబళ్లు కనపడవా బావా!"

నాగవేణి కొంగు బొడ్లో దోపింది. "పోలీసులకు దొరక్కుండా దాయమంటే మొగునికే దొరక్కుండా దాస్తివి కదబ్బా! ఆ హారం లేకుండా మా అమ్మ ముందర నిలబడేది లేదు. నలభై పెరుకు. నేనూ చెయ్యేస్తా."

ఆమె కళ్లలో నీళ్లు చూశాక నాకు నిజంగానే భయమేసింది. గడప దగ్గర మొదలుపెట్టాం. నేను పెరకడం, ఇద్దరూ మోసి హాల్లోనే వంటింటి వైపు మూలలో పేర్చడం. పొద్దు వాలేసరికి నేలంతా ఇసుక. డబ్బా లేదు.

"ఎవరన్నా ఎత్తుకపోయినారేమో," అంది నాగవేణి సన్నగా.

పేర్చినవి లెక్కపెట్టాను. ముప్పై ఆరు.

"ఇంకా నాలుగు యాడ?"

శివ మూలలో ఉన్న గుట్టను చూపించాడు. నాలుగు బండలూ దాని కిందే ఉన్నాయి. ముప్పై ఆరింటినీ మళ్లీ మోశాం. గోడ వారనున్న ఆఖరి బండ కింద, నేను కూరిన ఇసుకలో, డబ్బా చల్లగా కూర్చుని ఉంది.

నిశ్చితార్థంలో అత్తగారు హారం వైపు చూడనే లేదు. "అల్లుడు నడుం పట్టుకొని నడుస్తాండాడేమి?" అని అడిగింది.

"సినిమాలో చేస్తాండాడు లేమ్మా," అంది నాగవేణి.

పోలీసులు హారం కనిపెట్టే సీను మాత్రం నేను తీయలేదు. దాచినవాడికే దొరకనిది వాళ్లకెలా దొరుకుతుంది? అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఊళ్లో ఎవరింటికైనా మట్టం తప్పకుండా బండలు పరుస్తాను. మా ఇంట్లో మాత్రం ఈ జన్మలో ఒక్క బండ కూడా సరిగ్గా వేయను.