భోజనాల బల్ల ఎక్కిన నిఘంటువు

వీధిలో మా మావయ్యను అందరూ ‘డిక్షనరీ’ అనేవారు. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు రాస్తానంటూ అక్క ఇంటికి, అంటే మా ఇంటికి, వచ్చేశాడు. మాటకో చీటీ. మొదట భోజనాల బల్ల మీద ఓ మూల చాలన్నాడు. ఏకు మేకైనట్టు, మొదటి అక్షరం పూర్తయ్యేసరికే బల్లంతా ఆయనదైంది. కుర్చీల మీద కూడా కట్టలే. ఆయన ఒక్కడే చీటీల మధ్య కంచం పెట్టుకుని తినేవాడు. నేను సోఫాలో తినేదాన్ని. అమ్మ వంటింట్లో, సిలిండర్ పక్కన పొట్టి స్టూలు మీద. మోకాళ్ల నొప్పితో గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోయేది. నేను సణిగితే, “వాడి చీటీలు కలిసిపోతాయే, ఊరుకో” అనేది.

ఒక మధ్యాహ్నం ‘బోర్డు’ అనే మాట వచ్చింది.

“బడిలో బోర్డు, కొట్టు మీద బోర్డు, కంపెనీ పెద్దల బోర్డు. ఒక్క మాటకి ఇన్ని అర్థాలెందుకు మావయ్యా?” అన్నాను.

అడగడమే ఆలస్యం, అందుకున్నాడు. “మొదట అది ఉత్త చెక్కపలకే. కాళ్లు తగిలిస్తే బల్లయింది. బల్ల మీద పెట్టే తిండికీ అదే పేరొచ్చింది. హాస్టల్లో బోర్డింగ్ అంటారే, అది. ఆఖరికి బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు కూడా...”

వంటింట్లోంచి “అబ్బా” అని వినిపించింది. అమ్మ స్టూలు మీంచి లేస్తోంది. మావయ్య ఆగి, కట్టలు పేర్చిన కుర్చీల వైపు చూశాడు.

“మీ అమ్మ రోజూ ఎక్కడ తింటోందే?”

నాకు ఒళ్లు మండింది. “ఇన్నాళ్లకి అడిగావా?”

“అక్క చేతి వంట తింటూ అక్కనే బల్ల దగ్గర్నుంచి లేపేశాను. ఛీ, ఏం మనిషినే నేను” అన్నాడు.

సాయంత్రానికల్లా చీటీల కట్టలన్నీ తన మంచం కిందికి తోశాడు. వరస ఏమైపోతుందో కూడా చూసుకోలేదు. బల్ల తుడిచి, మూడు కంచాలు తనే పెట్టి, అక్కని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

అమ్మ చుట్టపుచూపుగా వచ్చినదానిలా కుర్చీ అంచున కూర్చుని గబగబా తినసాగింది.

“నెమ్మదిగా తినక్కా. తొందరేముంది?”

“బాగుందిరా! నేను లేస్తే కదా నువ్వు చీటీలు సర్దుకునేది” అంది అమ్మ.

మావయ్య చేతిలో ముద్ద కంచంలోకి జారింది. దాన్ని మళ్లీ ఎత్తలేదు.