డ్రిల్లింగ్ మెషిను నీకే!

మా బావ చనిపోవడంలో చెయ్యి తిరిగినవాడు. నెలకోసారైనా పోతాడు. సాధారణంగా భోజనమయ్యాక, చెయ్యి కడుక్కుని తుడుచుకునేలోపే పోతాడు.

పొట్టలో మొదలైన మంట గొంతుదాకా ఎగదన్నడం ఆలస్యం, గుండె పట్టుకుని సోఫాలో వాలిపోతాడు. "ఒరేయ్ బామ్మర్దీ, అయిపోయిందిరా! నా డ్రిల్లింగ్ మెషిను నీకే!"

బావ ఇళ్లకి కాలింగ్ బెల్లులు బిగిస్తాడు, వైరింగు బాగుచేస్తాడు. ఆ మెషినంటే అతనికి పంచప్రాణాలు. మామూలు రోజుల్లో నన్ను ముట్టుకోనివ్వడు. అతని గుండె భేషుగ్గా ఉందని డాక్టరమ్మ ఎప్పుడో పరీక్ష చేసి చెప్పింది. బావే నమ్మలేదు. మా అక్క మాత్రం వంటింట్లోంచి కదలదు. "పోయేముందు ఆ గ్యాస్ బిళ్ల వేసుకుని పో!" అని కేకేస్తుంది. కాసేపటికి ఒక్క త్రేన్పు. బావ లేచి కూర్చుంటాడు.

"మెషినేదిరా?"

"నాకిచ్చావుగా బావా!"

"బతికున్నవాడి సొత్తు మీద కన్నేస్తావా! సిగ్గులేదూ?"

ఒకసారి ఎవరింట్లోనో బెల్లు బిగిస్తూ నిచ్చెన మీదే పోబోయాడు. ఆ ఇంటావిడ హడలిపోయి ఇరుగుపొరుగుని పిలిచింది. బావ పైనుంచే నాకు ఫోను చేసి, మెషిను నాకిచ్చేసి, త్రేన్చి, మిగిలిన స్క్రూలు బిగించి దిగాడు.

మొన్నొక ఉదయం ఆ నొప్పి నాకొచ్చింది. ఛాతీ మధ్యలో మంట, పిండేస్తున్నట్టు బాధ. మా నాన్న గుండెజబ్బుతోనే పోయారు. ఆస్పత్రికి వెళ్తే ఏం చెబుతారోనన్న భయంతో నోరు మూసుకుని అక్కావాళ్లింట్లో కూర్చున్నాను. చెమటలు కారుతుంటే ఎండని తిట్టాను.

ఎదురుగా టీ తాగుతున్న బావ నావైపు చూసి, కప్పు కింద పెట్టి, గబుక్కున గుండె పట్టుకున్నాడు.

"అయిపోయిందిరా! ఈసారి నిజంగానే! పద ఆస్పత్రికి!"

"అక్కని పిలవనా?"

"వద్దు, నువ్వే రా. పదపద!"

నా బాధ నాకుంటే మధ్యలో ఈయన చావొకటి! తిట్టుకుంటూ ఆటో ఎక్కించాను. దారంతా మూలిగాడు గాని, డ్రిల్లింగ్ మెషిను ఊసే ఎత్తలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే మూలుగు ఆగిపోయింది. నన్ను భుజాలు పట్టి డాక్టరమ్మ ముందుకు తోశాడు.

"నాకేం లేదమ్మా, వీణ్ణి చూడండి. పొద్దుట్నుంచి ఛాతీ రుద్దుకుంటున్నాడు. అడిగితే అబద్ధమాడతాడు, రమ్మంటే రాడు."

వైర్లు తగిలించి ఈసీజీ తీశారు. రక్తం తీసుకెళ్లారు. మంచం మీద పడుకుని బావ చెయ్యి పట్టుకున్నాను. "బావా, నాకేదైనా అయితే అక్కని..."

"ఛీ, ఊరుకో! ఆఖరి మాటలు నావి. కాపీ కొట్టకు!" అన్నాడు గాని నా చెయ్యి వదల్లేదు.

రిపోర్టులు చూసి డాక్టరమ్మ నవ్వింది. "గుండెకేం కాలేదు. కడుపులో ఆమ్లం పైకి తన్నుకొచ్చి అన్నవాహికకి మంట పెట్టింది. అక్కడి నరాలు మెదడుకి కబురు పంపాయి. గుండె కబుర్లు మోసే నరాలూ అవీ వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. అందుకే పిలిచిందెవరో మెదడుకి సరిగ్గా తెలీదు."

బావ కళ్లు మెరిశాయి. "కింది వాటా బెల్లు నొక్కితే పై వాటావాడు తలుపు తీసినట్టు! అలాంటివి ఎన్ని బాగుచేశానో!"

"అంతే. కాకపోతే ఎవరు నొక్కారో ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. ఇలా పట్టుకొచ్చే బావగారు అందరికీ ఉండరు."

హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. బయటికి రాగానే బావని గట్టిగా పట్టేసుకున్నాను.

"నాకోసం చచ్చావా బావా!"

"మరి మామూలుగా పిలిస్తే వస్తావా నువ్వు?"

ఆ సంతోషంలో ఎదురు హోటల్లో దూరి, నూనె ఓడుతున్న వేపుడు రెండు ప్లేట్లు లాగించాడు. ఇంటి మెట్ల దగ్గరికి రాగానే గుండె పట్టుకుని ఆగిపోయాడు.

"ఒరేయ్ బామ్మర్దీ... డ్రిల్లింగ్ మెషిను..."

"నాకేగా బావా, తెలుసులే. ముందు త్రేన్చు!"